సీలు విప్పని దీపాలు

ఖతార్‌లో తుఫాన్లు రావు. అందుకే తుఫాను జాగ్రత్తల విషయంలో అక్కడి అల్ ఖోర్ పట్టణంలో ఉండే తెలుగువాళ్లను మించినవాళ్లు ఎక్కడా లేరు. తుఫాన్లు వచ్చే ఊళ్లలో జనానికి పడవలు ఒడ్డుకు లాక్కోవడం, రేకులకు తాళ్లు బిగించుకోవడం లాంటి పనులుంటాయి కనుక సమావేశాలకు తీరిక దొరకదు. అల్ ఖోర్‌లో ఆ ఇబ్బంది లేదు.

ఏటా అక్టోబరు రాగానే ఇక్కడి తుఫాను సన్నద్ధత సంఘం నిద్ర లేస్తుంది. దాని అధ్యక్షుడు సువార్తరావు గ్యాస్ ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరు. ఇంటికొచ్చిన చుట్టాలు మెట్ల పక్క కడ్డీ పట్టుకుని దిగారో లేదో స్వయంగా చూసుకునేంత నిష్ఠ గలవాడు. కార్యదర్శి రాజ్ కిరణ్ అదే కంపెనీలో దస్తావేజులు చూస్తాడు. అధ్యక్షుడు తుమ్మినా అది ఎజెండాలో ఎన్నో అంశమో చెప్పగలడు. అధ్యక్షుడి భార్య దయమ్మ బీకాం ఫస్టు క్లాసులో పాసైంది. ఆ అర్హతను గుర్తించి సంఘం ఆమెకు టీ, సమోసాల శాఖ అప్పగించింది.

సభ్యులంతా గోదావరి, కృష్ణా తీరాలవాళ్లు. కంపెనీ బస్సు నడిపే పోశన్న కూడా చేరతానని అడిగాడు. అతనిది జగిత్యాల వైపు ఊరు. ఆ జిల్లాకు సముద్రం లేదన్న కారణంగా సంఘం అతని దరఖాస్తును సగౌరవంగా తిరస్కరించి, కుర్చీలు మోసే అవకాశం మాత్రం ఇచ్చింది.

ఈ ఏడాది మొదటి సమావేశం అనివార్య కారణాల వల్ల వాయిదా పడింది. ఆ రోజు అల్ ఖోర్‌లో పది నిమిషాలు వాన పడింది. రోడ్డు మీద చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. సభ్యులు కార్లాపి వీడియోలు తీసుకున్నారు. తుఫానును ఎలా ఎదుర్కోవాలో మాట్లాడుకునే సభకు చినుకుల్లో వెళ్లడం క్షేమం కాదని అధ్యక్షుడు వాట్సాప్ గ్రూపులో ప్రకటించాడు. అందరూ దండం బొమ్మలు పెట్టారు.

రెండో సారి ఎండ కాసింది కనుక సభ దివ్యంగా జరిగింది. ముందుగా మాక్ డ్రిల్. పెద్ద ఫ్యాన్లు రెండు తెచ్చి గాలి పెట్టారు. తోట తడిపే పైపుతో వర్షం కురిపించారు. సభ్యులు చేతులు పట్టుకుని ఆ గాలివానలో నడిచి, బిర్యానీ పొట్లాలున్న చోటికి క్షేమంగా చేరుకున్నారు. ఆ చేరుకోవడంలో కనబరిచిన వేగం నిజమైన తుఫానులో కూడా చూడలేమని పెద్దలు మెచ్చుకున్నారు. పిమ్మట అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! గాలి మన చేతుల్లో లేదు. కానీ గాలి గురించి తీర్మానం మన చేతుల్లో ఉంది! అక్టోబరు మొదలు డిసెంబరు దాకా మన సభ్యులు గాని, వాళ్ల కుటుంబాలవాళ్లు గాని ఎవరూ తీరప్రాంతానికి ప్రయాణం చేయరాదని తీర్మానిస్తున్నాను. మనం మాత్రం ఇక్కడినుంచే, ఈ క్షణంనుంచే, మన ఊళ్లకు అండగా నిలబడదాం!"

చప్పట్లు మోగాయి. సమోసాలు పంచుతున్న దయమ్మ చేతిలో పళ్లెం ఒక్క క్షణం ఆగింది. ఆమె నవంబరు టికెట్ సొరుగులో ఉంది.

సంగతేమిటంటే, దయమ్మ చెల్లెలు రెజీనాకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. తల్లి పోయేనాటికి రెజీనాకు ఐదేళ్లు. జడలు వేసి, లెక్కలు చెప్పి, పెళ్లి చేసి పంపింది దయమ్మే. నరసాపురం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్లో రొయ్యల చెరువుల మధ్య ఇల్లు. భర్త మంచివాడే గాని, రక్తం చూస్తే భార్యకంటే ముందు తాను పడిపోయే రకం. "నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకు కూర్చోక్కా, అంతే. ఇంకేం చెయ్యొద్దు" అని రెజీనా రోజూ ఫోనులో అడుగుతోంది. వస్తానని దయమ్మ మాటిచ్చింది. ఆ మాట తీర్మానంలో కొట్టుకుపోయేలా ఉంది.

"ఏవండీ, మరి నా టికెట్టు?" అంది ఇంటికొచ్చాక.

"దయా, అధ్యక్షుడి భార్యే తీర్మానం తప్పితే రేపు ప్లాంటులో నేను హెల్మెట్ పెట్టుకోమంటే ఎవరైనా పెట్టుకుంటారా?" అన్నాడు సువార్తరావు. దయమ్మ వాదించే మనిషి కాదు. తర్వాతి సమావేశం దాకా ఆగే మనిషి.

తర్వాతి సమావేశంలో సంఘం తన జీవితంలోనే గొప్ప కార్యం చేసింది. ఏషియన్ టౌన్ బజారులో తగ్గింపు ధరకు దొరికాయని చార్జింగ్ దీపాలు హోల్‌సేల్‌గా కొనుక్కొచ్చింది. నరసాపురం వైపు ఊళ్లలో ఉన్న సభ్యుల అక్కచెల్లెళ్లకు, అత్తలకు, బావమరదులకు తలా ఒకటి. ప్రతి డబ్బా అడుగునా, లోపల దీపం అడుగునా పేరు అంటించి, మూతకు రాజ్ కిరణ్ సంఘం సీలు వేశాడు. మొదటి ఇరవై నిమిషాలు దీపాలను పొగిడారు. తర్వాతి ఇరవై నిమిషాలు, తీరంలో చీకట్లో మగ్గే బంధువులను తలచుకుని కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు దయమ్మ టీ కప్పులు తీస్తూ అడిగింది.

"సభ్యులెవరూ వెళ్లకూడదు గదండీ. మరి వీటిని ఎవరు పట్టుకెళ్తారు?"

అంతమంది ప్రాణాలు కాపాడదామని వచ్చిన వాళ్లు, ఒక్కసారిగా పణం పెట్టడానికి ఒక ప్రాణం కోసం వెతకసాగారు. చివరికి రాజ్ కిరణ్ గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షా, ప్రయాణానికీ విధి నిర్వహణకూ తేడా ఉందని మనవి. మేడం గారు వెళ్తే అది ప్రయాణం. సంఘం పంపితే అది విధి."

అలా దయమ్మ 'క్షేత్ర ప్రతినిధి'గా ఏకగ్రీవంగా ఎన్నికైంది. మెడలో వేసుకోవడానికి బిళ్ల, తొడుక్కోవడానికి మెరిసే పసుపు చొక్కా ఇచ్చారు. తుఫానులో ప్రయాణం ఎంత ప్రమాదమో ఆమెకు వరుసగా వచ్చి చెప్పినవాళ్లంతా, వెళ్లేటప్పుడు తలా ఒక పొట్లం కూడా ఇచ్చిపోయారు. దీపాలకే పెట్టెలు నిండాయి. పుట్టబోయే బిడ్డకని దయమ్మ కుట్టిన గుడ్డలు, చిన్న బొంత పెట్టడానికి చోటు లేదన్నారు. దయమ్మ సరేనంది. తర్వాత ఒక్కో డబ్బాకూ ఒక్కో చంటిబిడ్డ చొక్కా చుట్టి, అన్నిటి మీదా బొంత కప్పింది. వాటిని రాజ్ కిరణ్ 'రక్షణ సామగ్రి'గా నమోదు చేసి, ఆలోచన తనదేనని గ్రూపులో పెట్టాడు.

సర్దుతుండగా దయమ్మకు ఇంకో సంగతి కనిపించింది. డబ్బా పక్కనున్న బొమ్మలో ప్లగ్గుకు మూడు లావు పలకల కాళ్లున్నాయి. ఖతార్ గోడలకు సరిపోయే కాళ్లు.

"ఏవండీ, ఇవి మన ఊళ్లో సాకెట్‌లో దూరవండీ."

"దయా, దీపాలు ఆమోదమైపోయాయి. ప్లగ్గు గురించి ఆ రోజే అడగాల్సింది."

"పోనీ ఇక్కడే చార్జింగ్ పెట్టి పంపితే?"

"సీలు విప్పుతావా!" అన్నాడు సువార్తరావు. గ్యాసు లీకైనప్పుడు కూడా అతని గొంతు అంత వణకదని తోటివాళ్లు చెబుతారు.

మర్నాడు అతను డ్యూటీకి వెళ్లాక దయమ్మ ఒక సీలు విప్పింది. పరాయివాళ్ల డబ్బా తెరవడం మర్యాద కాదు గనుక, ఇంటిమనిషిదని ఆడపడుచు విజయరాణి డబ్బానే ఎంచుకుంది. సాయంత్రానికి దీపం నిండుగా చార్జ్ అయింది. దాన్ని తన చేతిసంచిలో పెట్టుకుంది.

విమానాశ్రయానికి పోశన్న దింపాడు. పెట్టెలు ఎత్తుతూ నవ్వాడు.

"గీ లైట్లేనా అక్కా? గిసొంటిదొకటి నేను గూడ పోయినేడు తీస్కపోయిన. మా ఇంటిది నర్సవ్వ షోకేసుల వెట్టింది."

"కరెంటు పోతే తీస్తుందా?"

"యాడ తీస్తది? కరెంటు వోతే కొవ్వొత్తి ముట్టిచ్చి, ఆ ఎలుగుల మా దుబాయ్ లైటు మంచిగున్నదా లేదా అని సూస్కుంటది. దుబాయ్ కాదే, ఖతార్ అంటే ఇనదు." మళ్లీ తనే అన్నాడు, "మీ సంఘపోల్లకు చెప్పక్కా. సముద్రం లేదని గాలి మా దిక్కు రాకుంట ఉంటదా? పోయినేడు కల్లంల ఎండవోసిన మక్కజొన్నలన్ని తడిసినయ్."

"చెప్తాను పోశన్నా. రాసుకుంటారు."

"రాసుకుంటరు, రాసుకుంటరు" అన్నాడు పోశన్న. "యల్లా, ఇగ పో అక్కా, పైలం."

తుఫాను బయలుదేరిందన్న కబురు, దయమ్మ హైదరాబాదులో దిగేసరికి వచ్చింది. నరసాపురం రైలు రద్దు. టీవీలో ఒకాయన ఎవరూ బయటికి రావద్దని, తాను మాత్రం నడుంలోతు నీళ్లలో నిలబడి చెబుతున్నాడు. ఒక్క బస్సు దొరికింది. అందులో అందరూ ప్రయాణం ఎందుకు తప్పో మాట్లాడుకుంటూ ప్రయాణం చేశారు.

ఊరు చేరిన రోజే దయమ్మ అక్కడా చుట్టుపక్కలా దీపాలు పంచింది. ఇంటింటికీ ఒకే మాట చెప్పింది: "పిన్ను మన గోడకు దూరదు. కొట్లో అడాప్టర్ దొరుకుతుంది. ఇవాళే చార్జింగ్ పెట్టుకోండి, రేపు కరెంటు ఉండదు." అందరూ శ్రద్ధగా విన్నారు. డబ్బా అటూ ఇటూ తిప్పి, సీలు తడిమి, బీరువా మీద పెట్టారు. "అంత మంచి వస్తువు, తుఫానులో తియ్యడవేంటమ్మా, పాడైపోదూ?" అందొక అత్తగారు.

మర్నాడు గర్భిణులందరినీ మండల కేంద్రంలో ఆరోగ్య కేంద్రానికి తరలించారు. అక్కడే రెజీనాకు నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికే ఆకాశం మసిబట్టినట్టయింది. కిటికీ తలుపులు బిగించారు. కరెంటు పోయింది.

ఆరోగ్య కేంద్రానికి జనరేటర్ లేదనుకుంటున్నారేమో. ఉంది. కొత్తది. వరండాలో నిగనిగలాడుతోంది. దానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ప్రారంభోత్సవం ఇంకా కాలేదు.

"ఆ రిబ్బను నేను కత్తిరిస్తే నా ఉద్యోగం కత్తిరిస్తారమ్మా" అంది నర్సు యాస్మీన్, సెల్‌ఫోను లైటు నోట కరుచుకుని. ఆ ఫోను కూడా ఆరిపోవడానికి సిద్ధంగా ఉంది. చీకట్లో రెజీనా చెయ్యి దయమ్మ చేతిని వెతుక్కుంది.

"అక్కా, భయవేస్తోందే."

దయమ్మ రెండో చేత్తో సంచిలోంచి దీపం తీసి మీట నొక్కింది.

గది గదంతా పగలైంది. యాస్మీన్ నోట్లోంచి ఫోను తీసేసి, "అల్లా! ఇంతసేపూ ఎక్కడ పెట్టావమ్మా దీన్ని!" అంది. బయట గాలి తలుపులు బాదుతూనే ఉంది. దయమ్మ ఒక చేత్తో దీపం, ఇంకో చేత్తో చెల్లెలి చెయ్యి పట్టుకుని కదలకుండా నిలబడింది. రెజీనా గోళ్లు దిగినా చెయ్యి తీయలేదు. గాలి కాస్త మందగించేసరికి పాప కేరుమంది. రెజీనా భర్త వరండాలోనే, జనరేటర్ మీదికి పడిపోయాడు. రిబ్బను మాత్రం తెగలేదు.

వాన వెలిశాక, అదే మండల కేంద్రంలో ఉండే విజయరాణి పాలు పట్టుకుని చూడవచ్చింది. కరెంటింకా రాలేదు. దీపం అందుకుని పాప మొహం మీదికి పట్టింది.

"బంగారుతల్లి! అచ్చు మీ పెద్దమ్మ ముక్కే. దయా, ఏం వెలుగే ఇది! కళ్లు జిగేల్మంటున్నాయి. ఎవరిదిది?" అని తిరగేసింది. అడుగున తన పేరుంది.

"ఇది... నాదా?"

"మీదే వదిన గారూ. మీ చలవ వల్లే..."

"సీలేదీ?"

దయమ్మ పాప వైపు చూసింది. విజయరాణి పాప వైపు చూడలేదు.

"అందరికీ పెళ్లికూతురల్లే కొత్తవి పంపి, తోడబుట్టినదానికి మా తమ్ముడు వాడేసింది పంపాడా? ఇరుగుపొరుగుకి ఏం చూపించను?"

ఆవిడ చేసిన ఫోను గాలివాన కంటే వేగంగా అల్ ఖోర్ చేరింది. దయమ్మ తిరిగొచ్చేసరికి విచారణ సంఘం సిద్ధంగా ఉంది. అధ్యక్షుడు బంధుత్వం కారణంగా విచారణ నుంచి తప్పుకుని, పక్క కుర్చీలో కూర్చున్నాడు. బిడ్డ క్షేమమా అని ఎవరూ అడగలేదనడం అన్యాయం. 'ఇతర అంశాలు' కింద అడిగారు.

"సీలు విప్పినట్టు అంగీకరిస్తున్నారా మేడం?" అన్నాడు రాజ్ కిరణ్.

"అంగీకరిస్తున్నాను. మిగతావాళ్లు విప్పలేదు, అది కూడా రాసుకోండి" అంది దయమ్మ, సమోసాలు అందిస్తూ.

సంఘం పెద్దమనసు చేసుకుంది. ప్రతినిధిని మందలింపుతో వదిలేసింది. విజయరాణికి కొత్త దీపం, ఈసారి రెండు సీళ్లతో, పంపాలని తీర్మానించింది. చెడిపోయిన దీపాన్ని రెజీనాకే వదిలేసింది. వార్షిక నివేదికలో మాత్రం 'మన సంఘం వెలిగించిన ఒక ప్రాణం' అని పాప ఫోటో వేశారు. సువార్తరావు ఆ పేజీని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. పోశన్న సంగతి కూడా దయమ్మ చెప్పింది. రాసుకున్నారు.

మరుసటి ఏడు మళ్లీ తుఫాను వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లందర్నీ, మండల కేంద్రంలో పల్లపు వీధుల వాళ్లనీ ఒకే బడిలోకి చేర్చారు. అధికారులు ప్రాణాలు తప్ప ఏమీ తెచ్చుకోవద్దన్నారు. జనం ఆ మాట పాటించి ప్రాణాలు, దీపాలు తెచ్చుకున్నారు. డబ్బాలు తడవకుండా రెండేసి పాలిథిన్ సంచులు చుట్టారు. పిల్లలు తడిశారు గాని ఒక్క డబ్బాకీ చుక్క అంటలేదు. కరెంటు పోయింది. సీలున్న దీపాలన్నీ ఒళ్లలో భద్రంగా ఉన్నాయి.

మూలన రెజీనా పాపను జోకొడుతూ, అడాప్టర్ పెట్టి చార్జ్ చేసుకున్న పాత దీపం మీట నొక్కింది. బడంతా వెలుగొచ్చింది. జనం డబ్బాలతో సహా జరిగి జరిగి దాని చుట్టూ చేరారు. ఆ వెలుగులో ఎవరి సీలు వాళ్లు సరిచూసుకుని కుదుటపడ్డారు. విజయరాణి తన కొత్త డబ్బాను కొంగుతో తుడిచి, రెజీనా వైపు జాలిగా చూసి, పక్కావిడతో గుసగుసగా అంది:

"ఏం చేస్తుందిలే పాపం. సీలు పోయింది కదా, ఇక వాడుకోవడమే."