మేధా సుగంధం ప్రివ్యూ షో

ఫిల్మ్‌నగర్ ప్రజలకు శుభవార్త. వరసగా ఫ్లాపులు తీసి అలసిపోయిన నిర్మాత అచ్యుతరామయ్యగారు జాతి మేధస్సును ఉద్ధరించే పని చేపట్టారు. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులు మరి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి తెలివి కావాలి, తెలివికి వారి 'మేధా సుగంధం' కావాలి. తరగతి గదిలో చల్లితే చాలు, మిగతాది పిల్లల ముక్కులు చూసుకుంటాయి.

చట్టం ఊరుకోదు గనుక ముందు ఎలుక పిల్లల మీద చల్లారు. వాటి మెదళ్ళను పల్చటి పొరలుగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపులో చూసే భారం డాక్టర్ హిమజది. మూతపడ్డ డబ్బింగ్ థియేటరే ఆమె ల్యాబు. సుగంధం పీల్చిన ఎలుక పిల్లల చిన్నమెదడులో కణాలు పలచబడ్డాయి. మిగిలినవి చేరాల్సిన చోటికి చేరనేలేదు. మొదటి సీసాలు వెళ్ళేది జూబ్లీహిల్స్‌లో హిమజ కూతురు చదివే బడికే.

"సార్, ఇది ఆపాలె," అంది.

"కంగారెందుకమ్మా? ఆ ముక్కలు కత్తిరించేద్దాం. నా సినిమాల్లో సగం ఎడిటింగ్‌లోనే బతికాయి," అన్నారాయన. ఆ సగమూ బతకలేదన్న సంగతి ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

ఫిల్మ్‌నగర్‌లో ఏది విడుదల కావాలన్నా ముందు ప్రివ్యూ పడాల్సిందే. బడి పిల్లల తల్లిదండ్రులను పిలిచారు, సమోసాలు పంచారు, లైట్లు ఆర్పారు. హిమజ ఏ ముక్కా కత్తిరించలేదు. తెర మీద ఆ ఎలుక పిల్లలను ఉన్నదున్నట్టు చూపించింది.

"ఈ పిల్లలు ఆడవు, దుంకవు. కొత్త జాగాల ఇడిసినా అటిటు సూడవు. పెట్టిన కాడ్నే కూసుంటయి."

జనం సమోసాలు నమలడం ఆపేశారు. గెలిచాననుకుంది హిమజ. అప్పుడు పృథ్వీరాజ్ అనే తండ్రి లేచాడు.

"మేడమ్, ఎంతసేపు కూసుంటయి?"

"పొద్దంత."

"మనం లేపేదాంక లేవవా?"

"లేవవు."

చప్పట్లు మోగాయి. ఈలలు కూడా పడ్డాయి. ప్రిన్సిపాల్ శ్యామలాదేవిగారు మైకు అందుకుని, "ఈ క్రమశిక్షణ కోసమే మా విద్యాసంస్థ ఇన్నేళ్ళుగా తపస్సు చేస్తోందండీ," అన్నారు. అచ్యుతరామయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆయన ప్రివ్యూలో జనం చివరిదాకా కూర్చోవడం అదే మొదలు.

హిమజ ఇంటికొచ్చేసరికి కూతురు సోఫా మీద ఎగురుతోంది. ఏనాడూ ముద్దురాని ఆ అల్లరి ఇవాళ కళ్ళనీళ్ళు తెప్పించింది. పిల్లను హత్తుకుని, జరిగిందంతా చెప్పి, రేపటి నుంచి ఆ బడి మాన్పిస్తున్నానంది.

భర్త అరవింద్ కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. పొద్దున ఆమె వెళ్ళేటప్పుడు ఏ కుర్చీలో ఉన్నాడో ఆ కుర్చీలోనే ఉన్నాడు.

"జర సోంచాయించు హిమజా," అన్నాడు. "క్లాసుల అందరు నిమ్మళంగ కూసుంటే, మన పిల్ల ఒక్కతే గిట్ల దుంకుతుంటే బాగుంటదా?"