అన్నీ వచ్చాకే నివేదిక

మూడు వైపులా వాగు, నాలుగో వైపు గుట్ట ఉన్న ఒక పెద్ద అడవిలో సింగారమ్మ అనే ముంగిస గుమాస్తాగా పనిచేసేది. ఆమె పనిచేసే చోటుకి సమాచార సమన్వయ కార్యాలయం అని పేరు. వాగొడ్డున ఒక రాతి గుహ, అందులో ఒక వెదురు గంప, ముద్ర వేయడానికి ఒక బంకమట్టి ముద్ద. కార్యాలయం అంటే అంతే.

అంతకుముందు ఏడాది వాగు పొంగినప్పుడు ఒకరు తూర్పుకి పరిగెత్తమన్నారు, ఇంకొకరు పడమటికి పొమ్మన్నారు. కుందేళ్లు అటూ ఇటూ తిరిగి సగం రోజు నీళ్లలోనే గడిపాయి. అందుకని ఇకమీదట అడవికంతటికీ ఒకే నివేదిక ఉండాలని, ముద్ర పడిన నివేదిక చూస్తే తప్ప ఎవరూ కదలకూడదని అడవి సభ తీర్మానించింది. జాంబయ్య అనే ఎలుగుబంటిని అధికారిగా వేశారు. నియమాలు రాసింది సూత్రాలయ్య అనే నక్క.

"కబుర్లు రెండు రకాలు," అని సూత్రాలయ్య మొదటి రోజే వివరించాడు. "ఒకటి మాట. ఫలానా పని చేసొచ్చి చెప్తానని ఎవరో మాటిస్తారు. అయిందనో కాలేదనో ఒక్కసారే చెప్తారు, అక్కడితో సరి. రెండోది ధార. అది ఆగదు, వస్తూనే ఉంటుంది. ఈ రెండూ కలిపితే నివేదిక."

"ఎలా కలపాలండీ?" అంది సింగారమ్మ.

"మాటలన్నీ నెరవేరాలి. అందాకా ధారని గంపలో పట్టి ఉంచాలి. అన్నీ వచ్చాక, వచ్చిన వరసలోనే విప్పాలి."

జాంబయ్య తల ఊపాడు. ఆయన తల ఊపితే సంతకం పెట్టినట్టే.

వానలు మొదలయ్యాయి. కార్యాలయం మూడు మాటలు తీసుకుంది. గుట్ట దారి చివరిదాకా నడిచి చూసొస్తానని తాబేలు మాటిచ్చింది. ఆ దారికి అడ్డంగా పడిన టేకు మానుని తీసేస్తానని ఏనుగు మాటిచ్చింది. గుట్ట మీద అందరికీ సరిపడా పళ్లు ఉన్నాయో లేదో చూస్తానని కోతి. ఇక ధార పని లకుముకి పిట్టది. వాగు లోతు చూడటం, మోదుగాకు మీద ముక్కుతో గీయడం, తెచ్చి సింగారమ్మ చేతికివ్వడం, మళ్లీ ఎగిరిపోవడం.

మూడో రోజుకి గంప నిండి ఆకులు నేల మీద పడుతున్నాయి.

"కాస్త నెమ్మదిగా తే వదినా, చోటు లేదు," అంది సింగారమ్మ.

"ఆ సంగతి వాగుకి చెప్పు. నేను చూసిందే తెస్తున్నా," అని లకుముకి ఇంకో ఆకు పడేసి పోయింది.

ఆ రోజే ఏనుగు వచ్చి మాను తీసేశానని చెప్పింది. సింగారమ్మ సంతోషంగా రాసుకుంది. ఆ వెనకే కోతి కుంటుకుంటూ వచ్చింది. "సగం దారిలో కాలు బెణికింది. నావల్ల కాలేదు, రాసుకోండి."

సూత్రాలయ్య నియమాలు తిరగేశాడు. "ఒక్క మాట తప్పినా మొత్తం తప్పినట్టే. మళ్లీ మొదటినుంచి రావాలి."

"ఏనుగు బాబాయి పని అయిపోయింది కదండీ."

"అది రద్దు. మళ్లీ మాటివ్వాలి, మళ్లీ తీయాలి."

"తీసేసిన మానుని మళ్లీ ఎలా తీస్తారు?"

సూత్రాలయ్య నియమాలు ఇంకోసారి తిరగేశాడు. "అందుకే ముందు పెట్టాలి," అన్నాడు.

ఏనుగు మంచిది. ఎవరేం చెప్పినా చేస్తుంది. సాయంత్రానికల్లా మానుని ఈడ్చుకొచ్చి దారికి అడ్డంగా పెట్టేసింది. "పెట్టానమ్మాయ్. తీయమని ఉత్తర్వు రాగానే తీస్తాను," అని దాని పక్కనే నిలబడింది. ఉత్తర్వు సంగతి తర్వాతి సమావేశంలో చూద్దామన్నారు. కోతి బదులు చిలక మాటిచ్చి, గంటలో ఎగిరి వచ్చి, పళ్లు దండిగా ఉన్నాయని చెప్పింది. తాబేలు ఇంకా దారిలోనే ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం లకుముకి తెచ్చిన ఆకుని సింగారమ్మ గంపలో వేయకుండా చదివింది. వాగు ఏనుగు పొట్ట దాకా వచ్చిందని ఉంది. ఆమె పిల్లలు ముగ్గురూ వాగొడ్డున పల్లపు బొరియలో ఉన్నారు. ఆకు పట్టుకుని జాంబయ్య దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ, ఇప్పుడే వచ్చింది. ఇదొక్కటి చూడండి."

"దీని వంతు ఎన్నోది?"

"నూట పన్నెండు."

"దీనికి ముందు నూట పదకొండు ఉన్నాయి కదమ్మా," అన్నాడు జాంబయ్య. కోపంగా ఏమీ అనలేదు, బుజ్జగించినట్టే అన్నాడు.

సింగారమ్మ బొరియకి పరిగెత్తి పిల్లల్ని బయటికి తెచ్చింది. పక్కనే కుందేళ్ల గుంపు ఉంది. నీళ్లు అప్పటికే వాటి పాదాలకి తగులుతున్నాయి.

"లేవండి, గుట్టకి పదండి," అంది.

"ముద్ర ఉందా తల్లీ?" అంది ముసలి కుందేలు, ఒక కాలు ఎత్తి విదిలించి, దాన్ని దించి ఇంకో కాలు ఎత్తుతూ.

సింగారమ్మకి ఒళ్లు మండింది. మరుక్షణమే సిగ్గేసింది. వాగు సంగతేమిటని మొన్న ఒక లేడి అడగడానికి వస్తే, ముద్ర పడలేదు పొమ్మని పంపింది తనే. ఆ లేడి ఇప్పుడు పిల్లతో పాటు కుందేళ్ల వెనక కుదురుగా నిలబడి, ముద్ర కోసం ఎదురుచూస్తోంది.

ఆమె వెనక్కి వెళ్లింది. గుహలో జాంబయ్య, సూత్రాలయ్య రేపటి సమావేశానికి విషయాలు రాసుకుంటున్నారు. సింగారమ్మ తన పాదాన్ని బంకమట్టిలో ముంచి నూట పన్నెండో ఆకు మీద గట్టిగా నొక్కింది. ముంగిస పాదం ఎంతని, చింతగింజంత ముద్ర పడింది.

ముసలి కుందేలు ఆకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇలా ముద్ర వేసి చెప్తే ఎప్పుడో వెళ్లిపోయేవాళ్లం కదా," అని నడక మొదలుపెట్టింది. దాని వెనక లేళ్లు, దుప్పులు, కాలు బెణికిన కోతి, అందరూ కదిలారు.

దారిలో మాను అడ్డంగా ఉంది. దాని పక్కన ఏనుగు.

"ఉత్తర్వు తెచ్చావా అమ్మాయ్?"

"లేదు బాబాయ్. ఇంతకీ మాట ఎవరికిచ్చారు మీరు?"

"అడవికి."

"అడవి వచ్చి నిలబడింది."

ఏనుగు ఆమె వెనక్కి చూసింది. తడిసిన పిల్లల్ని వీపుల మీద ఎక్కించుకున్న తల్లులు గుట్ట మొదలు దాకా బారులు తీరి ఉన్నారు. ఏనుగు ఒక అడుగు ముందుకేసింది. తొండం చుట్టి మానుని లోయలోకి దొర్లించి, మాను తీసేశానని కార్యాలయానికి వినపడేలా ఘీంకరించింది.

గుట్ట సగం ఎక్కాక తాబేలు ఎదురొచ్చింది.

"పైన దారి ఎలా ఉంది తాతా?" అంది సింగారమ్మ.

"అది కార్యాలయంలోనే చెప్పాలి," అని తాబేలు తలొంచుకుని కిందికి సాగిపోయింది.

అది వెళ్లేసరికి గుహలోకి నీళ్లొచ్చాయి. జాంబయ్య, సూత్రాలయ్య గంప నెత్తిన పెట్టుకుని గుహ పైనున్న బండ మీద కూర్చున్నారు. తాబేలు ఈదుకుంటూ వచ్చి దారి బాగుందని చెప్పింది. సూత్రాలయ్య ముఖం వెలిగిపోయింది. చిలక మాట, ఏనుగు మాట, తాబేలు మాట, అన్నీ వచ్చేశాయి. గంప విప్పి, వరస ప్రకారం మొదటి ఆకు తీశాడు. వానలు మొదలైన రోజు రాసిన ఆకు అది. అప్పటికి బండ మీదికీ నీళ్లెక్కాయి; నడుం లోతు నీళ్లలోనే జాంబయ్య తన పెద్ద పంజాతో నివేదిక మీద ముద్ర వేశాడు: వాగు చీలమండ దాకా ఉంది, దారి బాగుంది, పళ్లు దండిగా ఉన్నాయి, ఎవరూ కంగారు పడనవసరం లేదు.

మర్నాడు ఏనుగు వెళ్లి ఇద్దర్నీ గుట్ట మీదికి మోసుకొచ్చింది. వారం తర్వాత సభ కూడింది. ఒక్క పొరపాటు కూడా లేకుండా నియమాలు పాటించినందుకు జాంబయ్యని, సూత్రాలయ్యని మెచ్చుకుంది. పాదం పరిమాణం సరిపోని ముద్ర వేసినందుకు సింగారమ్మకి సంజాయిషీ నోటీసు ఇచ్చింది. ఆమె దాన్ని పూర్తిగా చదివి, పిల్లలు పడుకోవడానికి కింద పరిచింది. నోటీసు రాసిన ఆకు వెడల్పుగా, పొడిగా ఉంది.

నీతి: తప్పంతా వాగుదే, నివేదిక వచ్చేదాకా ఆగి ఉండాల్సింది.