దొరగారి ఉడకని కందులు

నర్సింగరావు దొర ఆ పొద్దున లేస్తూనే ఒక ధర్మకార్యం తలపెట్టాడు. గుమ్మిలో ఉన్న మంచి కందులను చెడిపోయినవని చూపించాలి. లెవీ ధాన్యం వసూలు చేసే గిర్దావరు సూర్యాపేట నుంచి వస్తున్నాడు. మంచి గింజ కనబడితే సర్కారు ఎత్తుకుపోతుంది. పుచ్చు గింజయితే దొరకే మిగులుతుంది. ఆ కందులు కోసిన గోపమ్మకూ, వాడలోని కూలివాళ్ళకూ మాత్రం కోతలనాటి నుంచి ఒక్క గింజ ముట్టలేదు. "లెవీ పోయినంక సూద్దాం" అని దొర మాట. దొరల "చూద్దాం"తో కడుపు నిండితే దేశంలో ఆకలే ఉండేది కాదు.

వేపాకూ బూడిదా కలిపి ఆ గుమ్మి నింపింది గోపమ్మే. వెతికినా ఒక్క పురుగు లేదు. ఇప్పుడు దొరకు అదే తలనొప్పి. ముందటేడు పుచ్చిన గింజలు రెండు చేటలు తెప్పించి పైన పోయించాడు.

ఇద్దరు జవాన్లతో దిగిన గిర్దావరు పైపైన చూసే రకం కాదు. భుజం దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీశాడు. ఒక గింజ కొరికాడు. టక్కుమంది.

"ఇవి మంచిగనే ఉన్నయి గదా, దొరా!"

"సూడనీకే మంచిగుంటయి సాబ్. పాతవడ్డయి. ఎంత మంటవెట్టినా ఉడుకయి."

"అయితే గీడనే ఉడుకవెట్టించున్రి. నేను కూసుంట."

గోపమ్మ వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి కుండ ఎక్కించింది. దొర పక్కకు వచ్చి గొణిగాడు: "చింతపండు ముందే ఎయ్యే. పులుపు తగిల్తె గింజ మెత్తవడది."

"ఎంతెయ్యాలె దొరా?"

"నన్నడుగుతవేందే? ఉన్నదంత ఎయ్యి!"

ఉన్నదంతా వేసింది. పొద్దు నడినెత్తికొచ్చినా కందులు కుండలో గులకరాళ్ళలా గలగలమంటూనే ఉన్నాయి. దొరకు హుషారెక్కింది. ఒక అబద్ధం పండితే రెండోది నాటకుండా దొర ఉంటాడా?

"మొన్న ఇవి తిని మా ఇంట్ల ముగ్గురు మిర్యాలగూడ దవాఖానల వడ్డరు సాబ్! ఇసం, ఉత్త ఇసం!"

గిర్దావరు ఎగిరి అవతల పడ్డాడు. "ఇసమా? ఊర్లె రోగం లేస్తె నా నౌకరీ ఖతం! ఒక్క గింజ ఇంట్ల ఉండొద్దు. ఇప్పుడే బయట వారేయించున్రి!"

"నా ఎడ్లకు ఏసుకుంట సాబ్..."

"ఎడ్ల పేరు జెప్పి కోదాడల అమ్ముతరు. నాకెరుక లేదా?"

గోపమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది: "మా వాడ పశువులకు ఏస్తం సాబ్. దొరగారి గడ్డి తినే బతుకుతున్నయి, గీ కందులకు సస్తయా?"

"మంచిది, తీస్కపోన్రి."

దొర గుమ్మికి అడ్డమొచ్చాడు. "సాబ్, జర ఆగున్రి... కందులు మంచియే..."

"మంచియా? అంటే లెవీ ఎగ్గొట్టనీకె అబద్ధమాడిన్రా? ఒక్క మాట జెప్పున్రి. మంచియా, చెడ్డయా?"

దొర గుమ్మిని చూశాడు. జవాన్లను చూశాడు. "చెడ్డయే" అన్నాడు. 'పశువుల దాణా' అని రాసిన కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. అప్పటికే వాడంతా గంపలతో వాకిట్లో నిలబడింది.

ఆ వారమంతా వాడలో పశువులు జొన్నరొట్టెలో పప్పు నంజుకుని తిన్నాయి.