సెల్యూట్‌కు ఎత్తిన చేయి

ఒక పెద్ద అడవిలో, వాగుకు కాస్త ఇవతల రెండు దారులు కలిసేవి. ఒకటి అడవిదున్నలు నీళ్లకు దిగే ఏటవాలు దారి. రెండోది మృగరాజు గుహకు వెళ్లే దారి. ఆ కూడలిలో చిన్న జంతువులు తరచూ దున్నల కాళ్లకింద పడి నలిగిపోతుంటే, పోలీసు శాఖ భల్లప్ప అనే ఎలుగుబంటిని అక్కడ కానిస్టేబుల్‌గా నిలబెట్టింది.

భల్లప్ప పని బాగానే చేసేవాడు. అందరికీ కనబడేలా బండరాయి ఎక్కి నిలబడేవాడు. కుడిచేయి చాచి అరచేయి మొత్తం చూపించేవాడు. ముందున్న దున్న కళ్లలోకి చూసి, అది నిజంగా ఆగాకే ఎడమచేత్తో జింకల్ని రమ్మనేవాడు. చివరి జింక దాటేదాకా కుడిచేయి దించేవాడు కాదు.

ఒకరోజు మంత్రి చిరుతపులి అటుగా వెళ్లాడు. సాయంత్రానికల్లా ఇన్‌స్పెక్టర్ తోడేలు నుంచి భల్లప్పకు పిలుపొచ్చింది.

"మంత్రిగారికి సెల్యూట్ ఎందుకు కొట్టలేదయ్యా?"

"చేయి ఖాళీ లేదండి. అవతల దున్నల్ని ఆపి ఉంచాను."

"నీకు ప్రమోషన్ ఇచ్చేది దున్నలా?"

భల్లప్ప ఆలోచించాడు. దున్నలు కావు.

"పైగా బండెక్కి ఆయనకంటే ఎత్తులో నిలబడ్డావట. చాలా నొచ్చుకున్నారు. రేపట్నుంచి కింద నిలబడు. పెద్దలెవరొచ్చినా కుడిచేత్తో సెల్యూట్. ట్రాఫిక్ సంగతి వీలునుబట్టి చూసుకో. వచ్చేవారం మృగరాజుగారి పుట్టినరోజు ఊరేగింపు మన కూడలి మీదుగానే పోతుంది. నా పరువు నీ చేతిలో ఉంది."

ఆ వారమంతా భల్లప్ప సెల్యూట్ సాధన చేశాడు. అది చూసి దున్నల పెద్దావిడ గౌరమ్మ దగ్గరికొచ్చింది.

"నాయనా, నువ్వు చేయి చాపితే ఆగాలి, తీస్తే కదలాలి. మాకు తెలిసింది అంతే. నుదుటిమీద పెట్టుకుంటే ఏమనుకోవాలి?"

"ఏమీ అనుకోకు పెద్దమ్మా. అది మీకోసం కాదు."

"అది ఎవరికోసమో ఆలోచించుకోడానికి ఆ వాలులో మాకు తీరికెక్కడిది?"

భల్లప్ప మళ్లీ సెల్యూట్ సాధనలో పడ్డాడు. హెడ్ కానిస్టేబుల్ పోస్టు ఖాళీగా ఉంది మరి.

ఊరేగింపు వచ్చింది. ముందు నాట్యం చేస్తూ జింకలు, వెనక తోడేలు, మంత్రి, వాళ్ల మధ్య మృగరాజు. వాలుమీద దున్నల మంద. భల్లప్ప చేయి చాచాడు. గౌరమ్మ గిట్టలు నేలలో దిగేసి ఆగింది. ఆమె వెనక మంద అంతా ఆగింది. జింకలు కూడలి మధ్యకు వచ్చాయి.

"సెల్యూట్," అన్నాడు తోడేలు పళ్ల సందునుంచి.

భల్లప్ప గౌరమ్మ కళ్లలోకి చూశాడు. ఏం జరగబోతోందో ఇద్దరికీ తెలుసు. అయినా మడమలు వాటంతటవే కలిశాయి. చేయి నుదుటికి చేరింది.

వెనకున్న దున్నలకు అడ్డంగా ఉన్న చేయి తొలగినట్టు కనిపించింది. దారి ఇచ్చారనుకున్నాయి. గౌరమ్మను తోసుకుంటూ మంద మొత్తం కిందికి వచ్చిపడింది.

మృగరాజు ముళ్లపొదలోకి దూకాడు. మంత్రి వాగులో తేలాడు. తోడేలు తోక నుజ్జయింది. భల్లప్ప కుడిచేయి రెండుచోట్ల విరిగింది. నాట్యం చేసిన జింకల్లో కొన్ని మళ్లీ లేవలేదు.

మంత్రి అధ్యక్షతన విచారణ జరిగింది. భల్లప్ప కట్టుకట్టిన చేత్తో వచ్చి నిలబడ్డాడు.

"చేయి తియ్యకుండా ఉంటే దున్నలు ఆగేవండి."

"అంటే సెల్యూట్ కొట్టడం తప్పంటావా?" అన్నాడు మంత్రి నెమ్మదిగా.

భల్లప్ప తల దించుకున్నాడు. "అలా అనలేదండి."

తీర్పు వచ్చింది. ఆపడానికి చేయి ఎత్తడం, సెల్యూట్‌కు చేయి ఎత్తడం ఒకేలా ఉండటంవల్ల దున్నలు పొరబడ్డాయి. కాబట్టి రెంటిలో అనవసరమైనదాన్ని రద్దు చేస్తున్నాం. ఇకమీదట కూడలిలో ఎవరినీ ఆపడానికి చేయి ఎత్తకూడదు. అంత ఆపదలోనూ సెల్యూట్ మానని భల్లప్పకు హెడ్ కానిస్టేబుల్‌గా ప్రమోషన్.

మృగరాజు ఆ తీర్పును మెచ్చుకుని, తనకు మాత్రం వేరే దారి వేయించుకున్నాడు.

నీతి: నడిరోడ్డులో చేయి అడ్డం పెడితే జనం బతుకుతారు, నుదుటికి పెడితే మనం బతుకుతాం.