పసుపుండగా జబ్బు సెలవెందుకు?

డాక్టర్లందరూ ఈపాటికి వేరే ఉద్యోగాలు చూసుకోవాల్సింది. ఆస్పత్రులు ఇంకా తెరిచే ఉన్నాయంటే అది వాళ్ల మొండితనం తప్ప మరేం కాదు. ఇంట్లో పోపులపెట్టె ఉన్న మనిషికి డాక్టరుతో ఏం పని?

నేనూ ఒకప్పుడు మీలాంటి అజ్ఞానినే. పసుపు కూరకు రంగునిస్తుందనీ, మిరియాలు ఘాటునిస్తాయనీ అనుకుని ఊరుకునేవాణ్ణి. నా కళ్లు తెరిపించిన మహానుభావుడు మా మేనేజరుగారు.

మాది పార్సిళ్లు తూచి, లేబుళ్లు అంటించి పంపే ఆఫీసు. పోయినేడాది యాజమాన్యం మా హెల్త్ ఇన్సూరెన్సు ఎత్తేసింది. ఊపు మీదుంది కదా అని జబ్బు సెలవులు కూడా ఎత్తేసింది. మేం గొణుగుతుంటే మేనేజరుగారు టీ గదిలో ఒక అల్మారా పెట్టించి, ‘వెల్‌నెస్ కార్నర్’ అని బోర్డు తగిలించారు. మిరియాల సీసా మీద ‘జలుబు’ అనీ, లవంగాల సీసా మీద ‘పన్ను నొప్పి’ అనీ, వాము సీసా మీద ‘అజీర్తి’ అనీ రాయించారు. పసుపు సీసా మీద మాత్రం ‘అన్నీ’ అని ఉంది!

ఎంత సౌకర్యం! లేబుళ్లు అంటించే పెద్దాయనకు చూపు మందగిస్తే దాల్చినచెక్క నీళ్లు తాగించారు. అక్షరాలు కనిపించలేదు గానీ, కనిపించడం లేదని చెప్పడం మానేశాడు. ఇంతకన్నా గుణం ఏం కావాలి?

కాటా దగ్గర పనిచేసే ఆవిడను మేమంతా కాటా అక్కయ్య అంటాం. ఒకరోజు పొద్దున్నే బరువైన పెట్టె దించుతూ కాలు జారి పడింది. చూస్తుండగానే కుడి మణికట్టు ఉబ్బిపోయింది.

“సార్, లోపలేదో కలుక్కుమంది. ఆస్పత్రికెళ్లొస్తాను.”

“ఇంతమాత్రానికి ఆస్పత్రేంటమ్మా? పసుపు పట్టు వెయ్యి. గంటలో దిగిపోతుంది.”

“దిగకపోతే?”

“కాస్త మిరియాల పొడి కలుపు. బాగా పట్టేస్తుంది.”

అక్కయ్య ఆ రోజంతా ఎడమచేత్తోనే తూచింది. పెట్టె ఎత్తినప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరిగేవి. మిరియాల ఘాటన్నారు మేనేజరుగారు. పాపం, కిటికీ కూడా తెరిపించారు.

మర్నాడు వాళ్లాయన ఆవిడను బలవంతాన ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఎక్స్‌రేలో ఎముక విరిగిందని తేలింది. చూశారా, ఎముకలకు క్రమశిక్షణ లేదు! పిండికట్టుతో ఇంట్లో ఉన్నన్నాళ్లూ అక్కయ్యకు జీతం కోశారు.

ఆవిడ తిరిగి పనిలో చేరిన వారమే, వెల్‌నెస్ కార్నర్‌ను కళ్లారా చూద్దామని హెడ్ ఆఫీసు పెద్దలు వచ్చారు. మేనేజరుగారు పసుపు మహిమ చెబుతూ చెబుతూ మెట్టు చూసుకోలేదు. చీలమండ మెలికపడి కూలబడ్డారు.

“అంబులెన్సు! ఎవరైనా అంబులెన్సు పిలవండ్రా!”

అక్కయ్య ఎడమచేత్తో గిన్నె పట్టుకొచ్చింది. “పట్టు వేస్తాను, కదలకండి సార్. మిరియాలు కూడా కలిపాను.”

“మతిపోయిందా నీకు? ఎముక విరిగిందేమో! ముందు ఎక్స్‌రే తియ్యాలి!”

అక్కయ్య గిన్నె కింద పెట్టి హెడ్ ఆఫీసు పెద్దాయన వైపు తిరిగింది. “మా సారుకి జబ్బు సెలవుందాండీ?”

“మేనేజర్లకుంటుందమ్మా.”

“మరి మాకో?”

ఆయన వాచీ చూసుకున్నాడు. లేబుళ్ల పెద్దాయన లేచి తన లేబుళ్ల మిషన్ ఆపేశాడు. మేమంతా చేతిలో పెట్టెలు ఎక్కడివక్కడే దించేశాం. సాయంత్రానికి గుమ్మం దాకా పార్సిళ్లు పేరుకున్నాక గానీ, జబ్బు సెలవులు తిరిగి ఇస్తున్నట్టు నోటీసు అంటించలేదు. అక్కయ్యకు కోసిన జీతమూ వచ్చింది. ఇన్సూరెన్సు మాత్రం ‘పరిశీలనలో’ ఉందట.

పసుపంటే నాకు పడదనుకునేరు! మా ఇంట్లో వంట నాదే. పసుపు వెయ్యనిదే కూర దించను. నొప్పి అన్న మనిషి నోరు దాంతో మూయించాలని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఇన్సూరెన్సు వచ్చేదాకా ఒక్కో పెట్టెకు ఇద్దరేసి చొప్పున, నెమ్మదిగా దించాలని తీర్మానించుకున్నాం. కాబట్టి మీ పార్సిళ్లు కాస్త ఆలస్యం కావచ్చు. కోపం తెచ్చుకోకండి. కోపానికి యాలకులు మంచివట!