రాహుకాలం దాటాక బీమా

శుక్రవారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పూతలపట్టు నుంచి చిత్తూరికి కారులో వెళ్లి, మండీలో బెల్లం బేరం తేల్చుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడం. కారు తోలేది చంద్రకాంతమ్మ. పక్కన కూర్చుని నేర్పేది మునస్వామి, యుద్ధంలో మిలిటరీ లారీ తోలి వచ్చినవాడు. వెనక సీట్లో కూర్చుని అరిచేది ఆమె మొగుడు గోవిందయ్య.

అసలు నేర్చుకోవలసింది గోవిందయ్యే. కారు కొన్న రెండో రోజే, స్టార్టు చేసేదానికి ముందున్న ఇనుప హ్యాండిలు తిప్పబోతే అది ఎదురు తన్ని చెయ్యి విరిచింది. పుత్తూరు కట్టుతో ఇంటికి వచ్చినవాడు, డ్రైవరును పెడితే పెట్రోలంతా అమ్ముకు తింటాడని ఊళ్లో వాళ్లందరినీ వరసబెట్టి తిట్టాడు. ఆ తిట్లు భరించలేక చంద్రకాంతమ్మ, "నేను నేర్చుకుంటా పో" అంది. పుట్టింట్లో కోడెల బండి తోలిన చేతులవి. మొదటిరోజు స్టీరింగు పట్టుకోగానే ఆమెకు ఆశ పుట్టింది. ఇరవై రెండేళ్ల కాపురంలో పుట్టింటికి పోవాలన్నా, రేణిగుంటలో అక్కను చూడాలన్నా మొగుడి మొహం చూసి, ఆ మొహంలో చిరాకు తగ్గేదాకా కాచుకోవలసి వచ్చేది. లైసెన్సు వస్తే ఆ ఖర్మ ఉండదు. వచ్చే బుధవారమే పరీక్ష. దానికి అడ్డం వచ్చేవాడెవడైనా సరే, పచ్చిగా నమిలేసేంత కసి మీద ఉందామె.

"ఎడమకు తిప్పే! ఎడమంటే యాడుండాదో తెలుసునా నీకు?" అని వెనక నుంచి గోవిందయ్య.

"నోరు మూసుకోని కూసుంటావా, నన్ను దిగి పొమ్మంటావా?"

"అమ్మా, రోడ్డు సూడు, రోడ్డు" అని మునస్వామి.

చిత్తూరు పొలిమేరలో ఒక మేక రోడ్డుకు అడ్డం వచ్చింది. చంద్రకాంతమ్మ దాన్ని చక్కగా తప్పించింది. తప్పించాక, వెనక సీట్లోని మహానుభావుడు బాగున్న చేత్తో ఆమె భుజం పట్టి వెనక్కి లాగి "ఆపు!" అని గావుకేక పెట్టాడు. కారు పక్కకు పోయి, రోడ్డు వార మజ్జిగ అమ్మే కుప్పమ్మ పందిరి గుంజకు తగిలింది. పందిరి నిదానంగా ఒరిగి, కింద కూర్చుని మజ్జిగ తాగుతున్న హెడ్డు కానిస్టేబులు నెత్తిన పడింది.

చంద్రకాంతమ్మ కారు ఆపి కిందికి దూకింది. పరుగెత్తి తాటాకులు తొలగించింది. హెడ్డుకు దెబ్బలేదు, మీసాల నిండా మజ్జిగ మాత్రం ఉంది. కుప్పమ్మ కూడా మంచిదే. "పోనీలే తల్లీ, రెండు గుంజలే గదా! సాయంత్రానికి నాటుకుంటా" అంది. హెడ్డు మీసాలు తుడుచుకుని "జాగర్తమ్మా, పోండి" అన్నాడు. వ్యవహారం అక్కడితో తీరిపోయింది.

తీరిపోనిస్తేగా! గోవిందయ్య కారు దిగాడు.

"అట్లెట్ల పోతాము? రాయండి! బీమా ఉండాది నాకు! బీమా లేకుండా తోలకూడదని చట్టం తెచ్చి, ఆ కంపెనీవాడు నా కాడ అరవై రూపాయలు గుంజినాడు. ఈ పొద్దు వాడి చేత కక్కిస్తా!"

"ఏమయ్యా, నీకేమైనా పిచ్చా? పొమ్మన్నారు గదా, పోదాం రా!" అని చంద్రకాంతమ్మ చొక్కా పట్టి లాగింది.

"నీకేం తెలుసు, నువ్వుండు! కుప్పమ్మా, కుండలు పగల్లేదా?"

"ఒకటి నెర్రె ఇచ్చినట్టుండాది నాయనా."

"నాలుగని రాయండి!"

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, గోవిందయ్య కంపెనీ సొమ్ము పంచడం మొదలుపెట్టాడు. జనం మూగారు. ఎదురంగడి దర్జీకి ఆ చప్పుడుకు నడుము పట్టేసిందట. ఇంకొకడి బర్రె బెదిరిందట, ఇక పాలివ్వదట. ఒక ముసలాయనకు నిన్నటి నుంచీ ఉన్న దగ్గు ఇప్పుడు ఎక్కువైందట. అందరినీ రాయమన్నాడు గోవిందయ్య. హెడ్డు దగ్గర కాగితం చాలక అందరూ స్టేషనుకు నడిచారు. చంద్రకాంతమ్మ పళ్లు కొరుకుతూ వెనకే వెళ్లింది. ఆ వరసలో నిలబడి, తనకూ మొగుడనే దెబ్బ తగిలిందని రాయించాలనిపించింది.

సబ్ ఇన్‌స్పెక్టరు ఇరవై మూడు పేర్లున్న జాబితా చూసి, "ఊరి మీద బాంబేమన్నా పడిందా?" అన్నాడు. తర్వాత బీమా కాగితం తీసి చదివాడు.

"ఇది ఎప్పటి నుంచి?"

"ఈ పొద్దు నుంచే సార్!"

"ఈ పొద్దు పగలు పన్నెండు గంటల నుంచి. ఇప్పుడు పది కూడా కాలేదు. ఎవరయ్యా ఇట్ల రాసింది?"

"నేనే రాయించినాను సార్. ఏజెంటు నిన్ననే మొదలుపెడతానన్నాడు. నేనూరుకుంటానా? నిన్న తిథి మంచిది కాదు. ఈ పొద్దు పదిన్నర దాకా వర్జ్యం, ఆ పైన పన్నెండు దాకా రాహుకాలం. అరవై రూపాయలు పోసి రాహుకాలంలో ఎవురైనా బీమా మొదలుపెడతారా?"

"మరి వర్జ్యంలో ప్రయాణం ఎట్ల చేసినావు?"

"మొన్ననే మంచి ఘడియలో నా సంచి మునస్వామి ఇంట్లో పెట్టి ప్రస్థానం చేసినాను సార్. ప్రయాణం మొన్ననే మొదలైనట్టు లెక్క. బీమాకు ప్రస్థానం లేదు గదా!"

సబ్ ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. "బీమా లేకుండా తోలినందుకు నీ భార్య మీదా, తోలనిచ్చినందుకు నీ మీదా కేసు. మూడు నెలల జైలు, లేదంటే ఐదు వందల జరిమానా. కోర్టు తల్చుకుంటే రెండూ." జాబితాలోని ఇరవై మూడు మందీ, సొమ్ము కంపెనీది కాదని తెలియగానే, దగ్గుతున్న ముసలాయనతో సహా చల్లగా జారుకున్నారు.

"బీమా కట్టే పని అయిపోయిందని నా మొగాన చెప్పినావే!" అని చంద్రకాంతమ్మ స్టేషనని కూడా చూడకుండా అరిచింది.

"అయిపోయింది గదా! పన్నెండుకు!"

కేసు తేలేదాకా లైసెన్సు పరీక్ష లేదన్నారు. శిక్ష పడితే లైసెన్సు మాట మర్చిపోవాలన్నాడు వకీలు. "ఒక్కటే సందు ఉండాదమ్మా. జీతానికి తోలే మనిషి, బీమా లేదని తెలీక తోలింటే తప్పు లేదు. మీరేమో భార్య అయిపోయినారు."

"ఇంటి ఆడదానికి జీతమేందయ్యా, సిగ్గులేని మాట!" అని గోవిందయ్య వకీలు మీద ఎగిరాడు. చంద్రకాంతమ్మ మాత్రం వకీలు మాట కొంగున ముడేసుకుంది. బుధవారం వచ్చింది, పోయింది. ఆ కడుపుమంటతోనే పదిహేను రోజులు వంట చేసింది.

కోర్టులో మేజిస్ట్రేటు, బీమా లేదని తెలుసా అని ఆమెను అడిగాడు.

"తెలీదు సామీ. కాగితం ఆయన జేబులో ఉండె. సూపించమంటే నీకెందుకన్నాడు. నేను ఆయన కింద పనిచేసే మనిషిని. తోలమన్నాడు, తోలినాను."

కోర్టు గొల్లుమంది. "ఏం కూతలే అవి?" అని గోవిందయ్య లేచాడు.

"'నా తిండి తింటా ఉండావు, నేను చెప్పిన పని చెయ్' అని ఇరవై రెండేళ్లుగా రోజూ అంటా ఉండాడు సామీ. అడగండి."

"అన్నావా?" అన్నాడు మేజిస్ట్రేటు.

ఊరుకోమని వకీలు గోవిందయ్య చెయ్యి గిల్లాడు. గిల్లింది కట్టున్న చెయ్యి కావడంతో గోవిందయ్య కోపం నషాళానికి అంటింది. "అన్నాను! ఇప్పుడూ అంటాను! తిండి పెట్టేది నేను, ఏడాదికి రెండు చీరలు కొనేది నేను. ఊరికే పెడతానా? నేను తోలమంటే తోలాల్సిందే, ఎందుకేమిటని అడిగేదానికి లేదు!"

మేజిస్ట్రేటు ఒక్క మాట పోకుండా రాసుకున్నాడు. తిండీ బట్టా కూడా జీతమేనన్నాడు. జీతగత్తె తెలియక చేసిన పనికి తప్పు లేదని చంద్రకాంతమ్మను వదిలేశాడు. యజమానికి రెండు వందల జరిమానా వేశాడు.

మరుసటి బుధవారం చంద్రకాంతమ్మ పరీక్ష నెగ్గింది. కారు తనే తోలుకుని రేణిగుంట పోయి అక్కను చూసి, సాయంత్రానికి తిరిగి వచ్చింది. ఆకలితో కాలుతున్న గోవిందయ్య విస్తరి వేసుకుని, అన్నం ఎక్కడే అని గర్జించాడు. ఆమె తీర్పు నకలు తెచ్చి విస్తట్లో పెట్టింది. అందులో ఆమె పని కారు తోలడమని రాసి ఉంది, వంట మాట ఎక్కడా లేదు.