ముకుతాడు లేని బోరాన్

ఇప్పపూలు రాలే కాలం. దమ్మపేట దాటి అడవి మొదలయ్యే చోట, తండా మీద పొగమంచు ఇంకా విడవని ఆ ఉదయాన సంతోష్ పథకం సరళంగానే ఉంది. మాంసం కంపెనీ ప్రతినిధి ఆదినారాయణ పది గంటలకు వచ్చి కోడెను తూస్తాడు. తూకం నచ్చితే మరో ఇరవై కోడెలు పెంచడానికి ఒప్పందం. ఆ ఇరవైని నమ్ముకునే సంతోష్ పాల్వంచలో షిఫ్టు ఉద్యోగం వదులుకున్నాడు.

పశు పరిశోధన కేంద్రం ప్రయోగంగా ఇచ్చిన ఆ తెల్లని కోడె బోరాన్ జాతిది. దాని పూర్వీకులు కెన్యా మైదానాల్లో మేసినవి. కరువుకు బెదరదు, పిడుదులకు లొంగదు, ఎండుగడ్డితోనే కండ పడుతుంది. అక్కడి పెంపకం పద్ధతిని సంతోష్ పుస్తకంలో చదివి, పొల్లుపోకుండా పాటించాడు: తొడ మీద కాల్చి అచ్చు వేశాడు, ముకుతాడు తీసేశాడు, అడవిలోకి వదిలేశాడు. మూడు నెలలుగా వారానికోసారి దూరం నుంచి చూసి, బలుస్తున్నదని రాసుకుంటున్నాడు. ఎందుకంతగా బలుస్తున్నదో ఆరా తీయలేదు. రాత్రి కలలో మాత్రం ఎర్రమట్టి మైదానం మీద వేల తెల్లని మూపురాలు మబ్బుల్లా కదిలేవి.

"యాడీ, తాడేది? కోడెను తోలుకొస్త," అన్నాడు తల్లితో.

సక్రి చేతిలోని చాట జారింది. "దానికి తాడేస్తవా? కండ్లు పోతయ్ బిడ్డా!"

"అచ్చేస్తివి, ముకుతాడు తీస్తివి, అడివికిడిస్తివి," అన్నాడు తండ్రి బద్యా, తాపీగా. "దేవునికి ఇచ్చినట్టే గదరా! నీకు భక్తి లేదనుకున్న ఇన్నొద్దులు. ఇగ దాని యజమాని నువ్వు గాదు."

"అది కెన్యా పద్ధతి, బాపూ!"

"దేవునికి కెన్యా ఏంది, కొత్తగూడెం ఏంది?"

సంతోష్ కోడెను వెతుక్కుంటూ పక్క గూడేనికి పరుగెత్తాడు. అక్కడ భీమక్క అనే ఆమె వాకిట్లో కోడె, కొమ్ములకు పసుపుతో, జొన్నలు తింటున్నది.

"భీమక్కా, ఇది నాది!"

"ఇచ్చినంక నీదెట్లయితది తమ్మీ? మా మక్కచేనంత మేసింది, ఒక్కరన్న కట్టె ఎత్తినమా? ఐదూళ్లు వంతులేసుకున్నం. సోమారం మాది."

పది గంటలకు తూకపు బండితో ఆదినారాయణ వచ్చేసరికి, అడవిలోంచి డప్పులతో ఐదూళ్లూ దిగాయి. కోడెను బండి ఎక్కించే ధైర్యం ఎవరికీ లేదు. భీమక్క బండి మీద గుప్పెడు జొన్నలు పోసింది, కోడె తనంతట తానే ఎక్కింది. మూడు నెలల్లో నూట పది కిలోలు పెరిగింది!

సంతోష్ కళ్లలో మళ్లీ మైదానం పరచుకుంది. ఆదినారాయణ కోడె తొడ మీది అచ్చు చూసి, చెప్పులు విడిచి దండం పెట్టాడు.

"ఇంత మంచి కోడెను నేను చూళ్లేదండీ," అన్నాడు ఆ మధిర మనిషి. "కానీ దీన్ని కొన్నానంటే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"పోనీ సార్, దీని దూడలు?" అన్నాడు సంతోష్, చెయ్యి చూపిస్తూ. ఎదురుగా, కోడెతో దాటించడానికి ఐదూళ్లవాళ్లు తెచ్చిన ఆవులు బారులు తీరి ఉన్నాయి.

"దేవుని పిల్లలనెట్ల అమ్ముతం?" అంది భీమక్క.

ఆ సాయంత్రం పాల్వంచ బస్సులో, పాత ఉద్యోగం అడగడానికి వెళుతూ, సంతోష్ పరిశోధన కేంద్రం నివేదిక నింపాడు. జాతి ఈ నేలకు అలవాటు పడినదా? 'అతిగా.' మాంసం దిగుబడి? 'యజమాని అనుమతి రావలసి ఉన్నది.'